అత్తవారి వైపు 130 మంది చుట్టాలు వస్తున్నారు, రెండు రోజుల పని నా మీద పడింది. ఎలా చేయను?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయవాడ, ఇప్పుడు ఉండేది ఆస్టిన్‌లో. పెళ్లయి ఏడేళ్లు. మా ఆయన వాళ్లది టెక్సస్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర తరతరాలుగా ఉంటున్న జర్మన్ కుటుంబం. వాళ్ల ముత్తాతకు ఏడుగురు పిల్లలు. ఆ ఏడుగురి సంతానమంతా ఏటా జూన్‌లో ఒక శని, ఆదివారాలు ఊరి బయట ఒక హాల్లో కలుస్తారు, 130 మంది దాకా వస్తారు. ఏడాదికి ఒక కొమ్మ వాళ్లు పూనుకుని చేయాలి, ఈసారి మా వంతు. మా అత్తగారు చూసుకుంటారులే అనుకున్నాను, ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. దాంతో అంతా నా నెత్తిన పడింది. నాకు సగం మంది పేర్లు కూడా తెలియవు. నేను శాకాహారిని, అక్కడ చూస్తే సాసేజ్, బ్రిస్కెట్ తప్ప మాట లేదు. "ఆ అమ్మాయికి మన పద్ధతులేం తెలుసు" అని ఒక పెద్దాయన అన్నారట. అదే టైమ్‌కి మా అమ్మానాన్న ఇక్కడే ఉంటారు, వాళ్లను తీసుకెళ్లాలో వద్దో తెలియడం లేదు. మా ఆయన నాయనమ్మకు 92 ఏళ్లు, అందరూ ఓమా అంటారు. ఆవిడ అప్పుడప్పుడు జర్మన్‌లో ఏదో అంటుంది, తిరిగి జవాబిచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇవి చాలవన్నట్టు మా ఆరేళ్ల పాప "అమ్మా, నేను జర్మనా, తెలుగా" అని అడుగుతోంది, బడిలో ఎవరో పిల్లాడు జర్మన్లంటే నాజీలు అన్నాడట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

జవాబు: చెల్లీ, ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం, నీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని నీ ఉత్తరం చదివితే నాకనిపించింది. నీకు వాళ్ల పద్ధతులు తెలియవన్నది నిజమే. నేను చెప్పేదల్లా ఈ రెండు రోజులకు నీ చేతిలో ఉన్న బలం అదేనని. ఆ ఇంట్లో పుట్టినవాళ్లు "మన పెద్దవాళ్లు అసలు ఏ ఊరి నుంచి వచ్చారు" అని ఇప్పుడు కొత్తగా అడగలేరు, నలభై ఏళ్లుగా తెలిసినట్టే తలాడిస్తూ వచ్చారు కాబట్టి. "ఈ ఫొటోలో ఈవిడెవరు" అని అడగడానికి మొహమాటం, "ఓమా, ఆ మాటకి అర్థమేంటి" అని అడగడానికి సిగ్గు. బయటి నుంచి వచ్చిన కోడలు అడిగితే మాత్రం అందరూ సంతోషంగా చెప్తారు, పక్కన నిలబడి వాళ్లూ వింటారు. కాబట్టి అలంకరణ ఎలా ఉండాలన్న ఆలోచన పక్కన పెట్టి, ఎవరిని ఏమడగాలో రాసుకోవడం మొదలుపెట్టు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఆ తప్పు చేశాను. మాది నూజివీడు పక్క పల్లె, మీ వైపే ఉన్న ఇంకో జర్మన్ ఊరు న్యూ బ్రౌన్‌ఫెల్స్ వాళ్లింటికి కోడలినై 24 ఏళ్లయింది. మొదటిసారి మా వంతు వచ్చినప్పుడు మూడు వారాలు టేబుల్ గుడ్డలకీ, పూల జాడీలకీ, అచ్చు వేయించిన ప్రోగ్రామ్ కాగితాలకీ పెట్టాను. ఆ శనివారం మధ్యాహ్నం మా మామగారి మేనత్త, తొంభై దాటిన మనిషి, ఒక నీలం రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఫ్యాన్ కింద కూర్చుంది. కుకీల డబ్బా, మూత అంచున తుప్పు పట్టి ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. నేను నిమ్మరసం గ్లాసు తీసుకెళ్లి ఇచ్చాను, ఆవిడ డబ్బా మూత కొంచెం తీసింది, ఇంతలో గాలికి ఎక్కడో టేబుల్ గుడ్డ లేచిందని నేను పరిగెత్తాను. ఆ క్రిస్మస్‌కి ఆవిడ లేదు. డబ్బాలో పాత జర్మన్ చేతిరాత ఉత్తరాలు, పేర్లు లేని ఫొటోలు ఉన్నాయి. ఆ రాత ఈ రోజుల్లో జర్మనీలో చదువుకున్నవాళ్లకే చదవడం రాదు, 1941లో అక్కడి బడుల్లో నేర్పడం మానేశారు. ఉత్తరాలు చదివేవాళ్లను ఎలాగో పట్టుకున్నాం. ఫొటోల్లో ఉన్నవాళ్లెవరో చెప్పగల మనిషి మాత్రం ఆవిడొక్కతే, ఇప్పటికీ ఆ ముఖాలకు పేర్లు లేవు. టేబుల్ గుడ్డల రంగు ఏమిటో నాకే గుర్తు లేదు.

ఇక ఎవరెవరో తెలియదన్నావు. దీనికి మనకున్న సదుపాయం వాళ్లకు లేదు. ఇంగ్లీషులో అందరూ కజిన్లే, లేదా లెక్కలేసుకుని చెప్పాల్సిన సెకండ్ కజిన్లు, థర్డ్ కజిన్లు. నువ్వొక నోట్‌బుక్ తీసుకుని తెలుగు వరసల్లో రాసుకో. మామగారి పెదనాన్న కూతురు, అత్తగారి తోడికోడలు, మా ఆయన బాబాయి మనవడు అని రాసుకుంటే మనిషి ఎక్కడ కూర్చుంటాడో ఇట్టే తెలుస్తుంది. మా ఇంట్లో నేను అలా రాసుకున్న పుస్తకం చూసి మా ఆడపడుచు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వమంది, మార్చబోతే సగం వరసలకు మాటల్లేవు. అక్కడికి వచ్చాక అందరికీ పనికొచ్చేది రంగులు. ఏడు కొమ్మలకు ఏడు రంగుల నేమ్ ట్యాగులు పెట్టు, పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద "ఫలానా వారి మనవరాలు" అని. ఇలాంటి కలయికల్లో చాలా కుటుంబాలు ఇదే చేస్తాయి. కోడళ్లు, అల్లుళ్లు కూడా తమ కొమ్మ రంగే పెట్టుకోవాలి, వేరే రంగు పెట్టొద్దు.

గోడకు తెల్ల కాగితం రోల్ ఒకటి, ఇరవై అడుగులైనా ఉండాలి, ముత్తాత దంపతుల పేర్లు మధ్యలో రాసి అతికించు. మిగతాది వచ్చినవాళ్లు రాస్తారు. దాన్ని కంప్యూటర్లో అందంగా చేసి ప్రింట్ చేసి పెడితే మనుషులు చూసి బాగుందని వెళ్లిపోతారు, చేత్తో రాసిన కాగితం మీద తప్పుంటే పెన్సిల్ తీసుకుని దిద్దడానికి నిలబడతారు. నీకు కావాల్సింది ఆ నిలబడటమే. అక్కడే గొడవలు పడతారు, అక్కడే కథలన్నీ బయటికొస్తాయి.

ఆ కథల్లో కొన్ని నిజం కావు, నీకు ముందే తెలిసుంటే మంచిది. "ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు మన ఇంటిపేరు మార్చేశారు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఎల్లిస్ ఐలాండ్ అంటే న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన చోటు, అది తెరిచింది 1892లో. ఫ్రెడరిక్స్‌బర్గ్ 1846లో, న్యూ బ్రౌన్‌ఫెల్స్ 1845లో పుట్టాయి. మొదట్లో వచ్చినవాళ్లు న్యూయార్క్ ముఖం చూడకుండా టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్‌కీ, అక్కణ్ణుంచి ఇండియనోలా అని తర్వాత పేరొచ్చిన రేవుకీ ఓడల్లో దిగారు. ఇంకొకరు "మన పూర్వీకుడు రాకుమారుడితో కలిసి వచ్చాడు" అంటారు, అందులో కొంత నిజముంది. 1842లో కొందరు జర్మన్ సంస్థానాధీశులు, ప్రభువులు కలిసి టెక్సస్‌లో జర్మన్ వలస పెట్టడానికి ఒక సంఘం పెట్టారు. దాని తరఫున ఇక్కడి వలసకు మొదటి అధికారిగా వచ్చింది ప్రిన్స్ కార్ల్ ఆఫ్ సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్. ఆయన న్యూ బ్రౌన్‌ఫెల్స్ మొదలుపెట్టి కొద్ది నెలలకే తిరిగి వెళ్లిపోయాడు. వెనక వచ్చి నిలబడినవాళ్లు ఎక్కువగా రైతులు, వడ్రంగులు, కమ్మరులు. 1846లో మెక్సికోతో యుద్ధం రావడంతో బళ్లు సైన్యానికి పోయాయి, రేవులో దిగిన కుటుంబాలు లోపలికి వెళ్లే దారిలేక ఆ ఇసుకలోనే గుడారాలు వేసుకుని ఉండిపోయాయి. జబ్బులతో వందల మంది పోయారు. ఆ రేవు కూడా 1875, 1886 తుఫానుల్లో తుడిచిపెట్టుకుపోయింది. నీ ఆడపడుచులకీ మరుదులకీ ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడు.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సిన ప్రశ్న మనవాళ్లు బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని కూడా అడిగేదే: మీదే ఊరు? "జర్మనీ" అని జవాబొస్తే అది జవాబు కాదు. వాళ్లు బయల్దేరినప్పుడు జర్మనీ అనే దేశమే లేదు, అది 1871లో ఏర్పడింది. నసావు, హెస్సె, హానోవర్, బ్రన్స్‌విక్ లాంటి చోట్ల నుంచి వచ్చారు. పల్లె పేరు తెలియాలి. ఎందుకంటే జర్మనీ అంతటా ప్రభుత్వం పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాయడం 1876లో మొదలైంది, అంతకు ముందువి ఎక్కువగా చర్చి పుస్తకాల్లో ఉంటాయి, ఆ పుస్తకాలు ఊరివారీగా ఉంటాయి. ఊరు తెలియకపోతే వెతకడానికి చోటే లేదు. ఎవరింట్లోనైనా పాత బైబిల్ ఉందేమో అడుగు, మొదటి పేజీల్లో పిల్లల పుట్టినరోజులతో పాటు ఊరి పేరు ఉండొచ్చు. ప్రతి కొమ్మకీ నెల ముందు ఒక మెసేజ్ పెట్టు: పాత ఫొటోలు, బైబిల్, ఉత్తరాలు, వంట కాగితాలు ఏవున్నా తెమ్మని. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో నొక్కకుండా రాయించు, పెన్ను సిరా ఏళ్లు గడిస్తే ముందు వైపుకి దిగుతుంది.

ఇప్పుడు ఓమా.

ఆవిడ మాట్లాడేది జర్మనీలో ఇవాళ మాట్లాడే జర్మన్ కాదు. వేరే వేరే ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ల యాసలు ఇక్కడ కలిసిపోయి, ఇంగ్లీషు మాటలు చేరి తయారైన టెక్సస్ జర్మన్. కుచ్చు తోక పైకెత్తి కంపు చిమ్మే స్కంక్ ఉంది కదా, ఆ జంతువు జర్మనీలో లేదు, ఇక్కడికి వచ్చి చూసి వీళ్లు "స్టింక్‌కాట్సె" అని పేరు పెట్టుకున్నారు, కంపు పిల్లి అని. జర్మనీవాళ్లు దాన్ని "స్టింక్‌టియర్" అంటారు, కంపు జంతువు. విమానాన్ని "లుఫ్ట్‌షిఫ్" అంటారు, గాలి ఓడ. మా ఇంట్లో పెద్దావిడ ఈ మాట అన్నప్పుడు నాకు మా నాయనమ్మ "గాలిమోటారు" అనడం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఇద్దరూ ఆ వస్తువును మొదటిసారి చూసి తమ భాషలోంచే పేరు తీసుకున్నారు. ఇప్పుడు టెక్సస్ జర్మన్ మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ పెద్ద వయసువాళ్లే. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో 2001 నుంచి ఈ మాటలను రికార్డు చేసే ప్రాజెక్టు నడుస్తోంది, నువ్వుండేది ఆ ఊళ్లోనే. ఓమా ఒప్పుకుంటే వాళ్లకు ఒక ఈమెయిల్ రాయి.

ఆవిడ తన పిల్లలకు ఎందుకు నేర్పలేదు అని మీవాళ్లలో కొందరికి లోపల కోపం ఉంటుంది. నిష్ఠూరంగా అడగొద్దని వాళ్లకు చెప్పు. 1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగాక ఇక్కడి జర్మన్ల మీద అనుమానం మొదలైంది, పులియబెట్టిన క్యాబేజీకి ఉన్న సావర్‌క్రాట్ అనే జర్మన్ పేరు కూడా మార్చి "లిబర్టీ క్యాబేజీ" అన్న రోజులవి. 1918లో టెక్సస్‌లో బడి పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం వచ్చింది. నెబ్రాస్కాలో పదేళ్ల పిల్లాడికి జర్మన్‌లో చదవడం నేర్పినందుకు ఒక టీచరుకి జరిమానా వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923లో గానీ ఆయన గెలవలేదు. ఓమా అమ్మానాన్న పెరిగింది ఆ రోజుల్లో. ఓమా బడికెళ్లే వయసుకు రెండో యుద్ధం. బడి ఆవరణలో జర్మన్ మాట్లాడితే దెబ్బలు తిన్నామని ఆ తరంవాళ్లు చాలామంది చెప్తారు. అలాంటి మనిషి తన పిల్లలకు ఆ దెబ్బలు తగలకూడదని ఇంగ్లీషే మాట్లాడి ఉంటుంది. మనం అమెరికా వచ్చాక పిల్లల యాస చూసి ఎవరేమంటారో అని ఎన్నిసార్లు పార్కులో గొంతు తగ్గించామో నీకూ నాకూ తెలుసు.

ఓమాను రికార్డు చేయడమెలాగో చెప్తాను. ఫోన్ ముందు పెట్టి "చెప్పు ఓమా" అంటే ఎవరూ చెప్పరు. భాషకు ఎదుటి మనిషి కావాలి. ఆ జవాబిచ్చే ఇద్దరు ముగ్గురున్నారన్నావే, శనివారం పొద్దున పదింటికి వాళ్లను ఓమాతో ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టు. ఏసీ శబ్దం, వంటవాళ్ల శబ్దం లేని గది అయితే మేలు. కాఫీ, కూఖెన్ పెట్టు (పైన పొడి చక్కెర పిండి చల్లి కాల్చే వాళ్ల కేకు), డొమినోలు పెట్టు. ఇక్కడి పెద్దవాళ్లకు 42 అనే డొమినో ఆట ప్రాణం. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మడత పెట్టిన తువ్వాలు మీద ఉంచు, డొమినోల చప్పుడు టేబుల్‌లోంచి ఎక్కకుండా. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి సరేననిపించుకో. నలభై నిమిషాలు చాలు, పెద్దవాళ్లు అలసిపోతారు. మధ్యలో నువ్వు ఒక్కో వస్తువు చేతికివ్వు. పాత ఫొటో, పిండి జల్లెడ, ప్రార్థన పుస్తకం ఏదైనా. మీ చిన్నప్పుడు ఎలా ఉండేది అని అడిగితే బాగుండేది అంటారు. ఈ జల్లెడతో ఏం చేసేవారు, ఎవరు చేసేవారు, ఆ రోజు ఇంట్లో ఎంతమంది ఉండేవారు అని అడిగితే గంట చెప్తారు. అర్థం కాలేదని ఆపొద్దు, తర్వాత అర్థం చెప్పించుకోవచ్చు. ఆ రాత్రే రెండు చోట్ల కాపీ పెట్టు. రెండు రోజుల్లో మిగతా ఏ పని ఆగిపోయినా పర్లేదు, ఈ నలభై నిమిషాలు మాత్రం జరగాలి.

భోజనానికి అంత కంగారు అక్కర్లేదు. మాంసం పని ఎలాగూ నీది కాదు, పొగ మీద బ్రిస్కెట్ కాల్చేవాళ్లు తెల్లవారుజామునే మొదలుపెడతారు, ఇంకొకరిని దగ్గరికి రానివ్వరు కూడా. మిగతాది కొమ్మల వారీగా పంచేయి, ఒకరు సలాడ్లు, ఒకరు బ్రెడ్డు, ఒకరు పళ్లూ తీపీ. నువ్వు జాగ్రత్తగా చూసుకోవాల్సింది వేరే ఉంది: కూరగాయలని నువ్వు ధైర్యంగా పెట్టుకునేవాటిలోనే బేకన్, అంటే పంది మాంసం ముక్కలు, ఉంటుంది. జర్మన్ పొటాటో సలాడ్‌లో, సావర్‌క్రాట్‌లో, గ్రీన్ బీన్స్‌లో, పింటో బీన్స్‌లో కూడా వేసి వండుతారు. వండేవాళ్లకు ముందే ఫోన్ చేసి ఒక్కో ట్రే బేకన్ లేకుండా తీయమను, మీ అమ్మానాన్నకూ అదే భోజనం.

నువ్వు ఒకే ఒక్క వంట తీసుకెళ్లు, బంగాళాదుంపలతో ఆవ పెట్టిన కూర. దుంపలు ఉడికించి, చింతపండు పులుసు కొంచెం, పోపు, దించాక నూరిన ఆవముద్ద. వాళ్ల పొటాటో సలాడ్ పక్కనే పెట్టు. నేను మూడో ఏడు అలాగే పెడితే, వాళ్ల సలాడ్ చేసిన పెద్దావిడ ఒక చెంచా తిని, ఆగి, ఇంకో చెంచా తిని, "ఇందులో ఉన్నది ఆవాలేనా, నూరావా" అంది. వాళ్ల దాంట్లోనూ ఆవాలే, కాకపోతే చింతపండు బదులు వెనిగర్. ఘాటు ముక్కుకెక్కి ఆవిడకు కళ్లలో నీళ్లొచ్చాయి, తుడుచుకుంటూనే ఎలా నూరాలో రాసుకుంది. కారం మాత్రం మనం తినేదాంట్లో సగం వెయ్యి.

మీ అమ్మానాన్నను తప్పకుండా తీసుకెళ్లు. బీరు తాగుతారనీ, భోజనానికి ముందు ప్రార్థన ఉంటుందనీ, ఆదివారం చర్చి ఉంటుందనీ ముందే చెప్పేస్తే వాళ్లకు ఇబ్బంది ఉండదు. శనివారం పూర్తిగా కాకుండా మధ్యాహ్నం నిద్ర అయ్యాక సాయంత్రం తీసుకురా, నీడలో వీపు ఆనే కుర్చీలు వెయ్యి. ఒక్క మనిషిని వెతికి పెట్టు, వ్యవసాయం చేసినవాణ్ణి. మా నాన్న వచ్చినప్పుడు ఒక పీచ్ తోట రైతు పక్కన కూర్చోబెట్టాను, ఫ్రెడరిక్స్‌బర్గ్, స్టోన్‌వాల్ వైపు పీచ్ తోటలే కదా. నాన్నకు ఇంగ్లీషు అంతంత మాత్రం. "పూత ఎప్పుడు" అని అడగమన్నాడు నన్ను. ఆయన చెప్పాడు, చలికాలం చెట్టుకు కొన్ని వందల గంటల చలి తగలాలనీ, తీరా పూత వచ్చాక మార్చిలో మంచు గడ్డకడితే ఆ ఏడు పోయినట్టేననీ. నాన్న "మాకూ అంతే, పూత మీద పొగమంచు కురిసిందంటే మామిడి పూత మాడిపోతుంది, పైగా తేనెమంచు పురుగు" అని మొదలుపెట్టాడు. నేను రెండు వైపులా చెప్తూ చెప్తూ మధ్యలో నీళ్లకి లేచి వచ్చేసరికి ఇద్దరూ నేల మీద పుల్లతో చెట్టుకీ చెట్టుకీ ఎంత దూరమో గీసుకుంటున్నారు. మీ నాన్నగారు వ్యవసాయం చేసినవారు కాకపోతే ఏ పనిచేశారో ఆ పనివాణ్ణి చూడు. 130 మందిలో దొరుకుతాడు.

నిన్ను మాటన్న ఆ పెద్దాయన దగ్గరికి ఈ వారమే వెళ్లు, మీ ఆయన్ని తీసుకుని. ఆ మాట నీకు తెలిసినట్టు అనొద్దు. "భోజనానికి ముందు జర్మన్‌లో ప్రార్థన ఎవరు చెప్పేవారు, ఈసారి మీరు చెప్తారా, కిందటి కలయిక నుంచి పోయినవాళ్ల పేర్లు మీరే చదువుతారా" అని అడుగు. ఆయన భయం ఏమిటో నాకు అర్థమవుతుంది, ఇదంతా ఒక మామూలు పిక్నిక్ అయిపోతుందేమోనని. ఆయన తెలుసుకోవాల్సింది నువ్వు దాన్ని పోనివ్వవని, అది నోటితో చెప్తే నమ్మడు, ఆ రెండు పనులు ఆయన చేతిలో పెడితే నమ్ముతాడు.

చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. జూన్‌లో అక్కడ ఎండ 35 డిగ్రీలు దాటొచ్చు, ఆటలన్నీ పొద్దునా సాయంత్రమూ పెట్టు, మంచినీళ్లు అనుకున్నదానికి రెట్టింపు. డబ్బు పెద్దవాళ్లకు తలా ఇంత అని ముందే తీసుకో. తక్కువ పడితే ఇంట్లో చేసిన జామ్‌లు, కుట్టిన దుప్పట్లు తెప్పించి శనివారం సాయంత్రం వేలం వెయ్యి, చాలా కుటుంబాలు అలాగే గడుపుతాయి. గ్రూప్ ఫొటో భోజనానికి ముందు తీయించు, తిన్నాక ఎవరూ దొరకరు. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి నేమ్ ట్యాగుల టేబుల్ అప్పజెప్పు, ఆవిడకు అందరూ తెలుసు, కాలికి పని లేదు.

పాప అడిగింది చాలా పెద్ద ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసేయొద్దు. నాజీల మాటకు జవాబు సూటిగా చెప్పు: నాన్న వాళ్ల పెద్దవాళ్లు ఓడెక్కింది 1840లలో, హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933లో, అప్పటికి వీళ్లు టెక్సస్‌కి వచ్చి దాదాపు తొంభై ఏళ్లు. పాప కొంచెం పెద్దదయ్యాక కంఫర్ట్ అనే ఊరికి తీసుకెళ్లు, ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి దగ్గరే. అమెరికా అంతర్యుద్ధంలో టెక్సస్ బానిసత్వం వైపు నిలబడితే, ఒప్పుకోని జర్మన్ కుర్రాళ్లు కొందరు మెక్సికో వైపు బయల్దేరారు, 1862 ఆగస్టు 10న న్యూసెస్ నది దగ్గర దక్షిణాది సైన్యం వాళ్ల మీద పడి చాలామందిని చంపింది, గాయపడి చిక్కినవాళ్లను కూడా వదల్లేదు. వాళ్ల పేర్లతో 1866లో జర్మన్‌లో చెక్కిన స్మారక స్తంభం అక్కడుంది. అయితే కథను అక్కడితో ఆపడం నాకిష్టం లేదు. టెక్సస్ జర్మన్లలో బానిసలను కొన్నవాళ్లూ ఉన్నారు, దక్షిణాది సైన్యంలో చేరినవాళ్లూ ఉన్నారు. వీళ్లు దున్నుకున్న నేల కొమాంచీలనే ఆదివాసులు తిరిగిన నేల. 1847లో మ్యూసెబాక్ అనే ఆయన వాళ్లతో సంధి చేసుకున్నాడు, ఇక్కడివాళ్లు దాన్ని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ ఈ రోజు ఆ కొండల్లో కొమాంచీల రీయూనియన్ జరగదు. పిల్లలకు రెండూ చెప్పాలని నా పట్టుదల, వయసుకు తగ్గట్టు.

జర్మనా తెలుగా అన్నదానికి ఇప్పుడు ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, గోడ మీద అతికించిన ఆ కాగితం దగ్గరికి తీసుకెళ్లి తన పేరు తనతోనే రాయించు. దాని మీద నుంచి గీత గీస్తే నాన్న వైపు ఓడ దాకా వెళ్తుంది. నీ పేరు దగ్గర నుంచి పక్కకు ఇంకో గీత గీసి మీ అమ్మానాన్న పేర్లు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు తెలుగులో రాయి. కాగితం ఆ వైపు కూడా ఖాళీగా వదిలి పెట్టుకో. ఎవరైనా ఇదేంటని అడిగితే పాపనే చెప్పనీ.

ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే, ఎనిమిదింటికల్లా, పిల్లలను కుటుంబ శ్మశానానికి తీసుకెళ్లు. మనవాళ్లకు శ్మశానమనగానే పిల్లలెందుకు అనిపిస్తుంది, మీ అమ్మగారు వద్దనొచ్చు, వాళ్లను ఇంటి దగ్గరే ఉండనీ. పాపను మాత్రం పంపు. బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్‌లు చాలు, ఇనప బ్రష్, బ్లీచ్ వద్దు, పాత సున్నపురాయి అక్షరాలు కరిగిపోతాయి. పాత రాళ్ల మీద "హియర్ రూట్" అని ఉంటుంది, ఇక్కడ విశ్రమిస్తున్నారు అని. "గెబ్" అంటే పుట్టింది, "గెస్ట్" అంటే పోయింది. కొన్నిటి మీద పుట్టిన ఊరు కూడా చెక్కి ఉంటుంది, మీరంతా వెతుకుతున్న పల్లె పేరు అక్కడే దొరకొచ్చు. పిల్లలకు తలా ఒక పెన్సిల్, కాగితం ఇచ్చి ఆ మూడు మాటలు ఎవరు ముందు కనిపెడతారో చూడమను. ఏదైనా ఊరి పేరు బయటపడితే తిరిగి వచ్చాక ఓమాకి చదివి వినిపించి, అది ఎలా పలకాలో ఆవిడతో చెప్పించు, ఫోన్ ఆన్ చేసే ఉంచు.